బుడంకాయ నాలుగో విద్య

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ నాకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆఖర్న మజ్జిగ. కూర నేనే వండుకున్నాను. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చేసరికి, నా భార్య సువర్చల ఆడుకునే పోకెమాన్ అనే జీవాల పోరాటపు వీడియో ఆటలోని ఆరుగురూ మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

కుర్చీలు నాలుగే కావడంవల్ల ఇద్దరు కిటికీ గట్టు మీద సర్దుకున్నారు. కుర్చీ కోసం ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. అది చూసి నాకు ముచ్చటేస్తుంది.

ఆటపెట్టె బల్ల మధ్యలో, కారప్పొడి సీసా పక్కన తెరిచి ఉంది. అది చిన్న పుస్తకంలా మడిచే రకం. దాని తెర మీద ఇప్పుడు గడ్డి మైదానం మాత్రమే ఉంది. గాలికి గడ్డి ఊగుతోంది, మనిషి జాడ లేదు. సువర్చల ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టె ఆస్పత్రి సంచీలోనే ఉండేది. రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన పడుకుని, సూది లేని చేత్తో ఆడుకునేది. నవంబరులో ఆవిడ పోయాక నేను దాన్ని రోజూ చార్జింగ్ పెడుతున్నాను. అంతకు మించి నాకేమీ తెలియదు.

"అన్నం మిగిలిందా అబ్బాయీ?" అని మేనత్త అడుగుతుంది.

పేర్లన్నీ సువర్చల పెట్టినవే. అసలు పేర్లకి ఆవిడకి నోరు తిరిగేది కాదు. మేనత్త రుబ్బురోలంత ఉంటుంది. రాతి ఒళ్ళు, ఎంత దెబ్బనైనా కాసుకుంటుంది. గంటయ్య ఇత్తడి గంట లాంటివాడు, నేలకి బెత్తెడెత్తున తేలుతుంటాడు. కిటికీ గట్టు మీదున్న పిట్టలిద్దరూ, కుర్చీలో ఒదిగిన మూడో పిట్టా కలిసి తోడికోడళ్ళు. ఆరోది బుడంకాయ.

పేరుకు బుడంకాయే గాని పెద్ద దోసపండంత ఉంటుంది. ఒంటి నిండా ఆకుపచ్చ చారలు, నెత్తిన వంకర తొడిమ, కింద రెండు పొట్టి కాళ్ళు. దాని దెబ్బ పెద్దది, కాలు నెమ్మది, ఒళ్ళు పల్చన. అది కదిలేలోపలే అవతలివాడు కొట్టేస్తాడు, ఒక్క దెబ్బకి పడిపోతుంది. అందుకని ఆట తెలిసినవాళ్ళెవరూ అలాంటిదాన్ని జట్టులోకి తీసుకోరు. సువర్చలకి అందరిలోకీ అదే ఇష్టం. అయినా ఒక్కనాడూ బరిలోకి దింపలేదు.

నేను ఆరు కంచాలు పెట్టి వడ్డిస్తాను. ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనరు. మేనత్త రెండోసారి కూర వేయించుకుంటుంది. కూర కుదిరింది. ఈ సంగతి సువర్చలకి చెప్పాలి అనుకుంటాను. అనుకోగానే, వంటింట్లోంచి ఆవిడ నన్ను పిలిచే పిలుపు కోసం చెవులు వాటంతటవే వెతుక్కుంటాయి. పిలుపు దొరకదు. 'ఏవండీ' అనే మాట ఉంది గాని, ఆవిడ ఆ మాటని ఎక్కడ ఎత్తి ఎక్కడ వదిలేదో ఆ చోటు నున్నగా, తుడిచిన పలకలా ఉంది. నిన్న రాత్రి అది అక్కడే ఉంది.

గంటయ్య నా మొహం చూసి కంచం పక్కకు జరుపుతాడు. "ఎవరికైనా నాలుగు విద్యలేనండి. అయిదోది రావాలంటే ఒకటి వెళ్ళాలి. మీరివాళ కూర నేర్చుకున్నారు కదండి."

గరిటె గిన్నెలో పెట్టేస్తాను. కూర రుచిగా ఉండటం నాకు తప్పు చేసినట్టుగా ఉంది. వీడియోలో చూసి, ఆవాలు నానబెట్టి, పచ్చిమిరపకాయ వేసి నూరి, పొయ్యి దింపాక కలిపాను. కలుపుతున్నంతసేపూ నేను సంతోషంగానే ఉన్నాను.

"మీరంతా ఎందుకొచ్చారు?" అని అడుగుతాను.

"అదేంటండి, సాయంత్రం పందెం పెట్టుకుని," అంటాడు గంటయ్య.

సువర్చల చెల్లెలు హైమావతి పుట్టినరోజు ఇవాళ. ఏటా ఈ రోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క ఆట ఆడుకునేవారు. గెలిచినావిడ, ఓడినావిడ బరిలోకి దింపినవాళ్ళలో ఒకర్ని ఎంచుకుని ఏడాదిపాటు తన దగ్గర ఉంచుకుంటుంది. జట్టులో ఆరుగురున్నా నలుగుర్ని దింపితే చాలు. దింపని ఇద్దర్నీ ఎవరూ తీసుకెళ్ళడానికి లేదు. సువర్చల బుడంకాయని ఎప్పుడూ ఆ ఇద్దరిలోనే ఉంచేది.

మొన్న హైమ ఫోన్ చేసి, ఈ ఏడు అక్క బదులు మీరు ఆడాలి బావగారూ అంది. ఎవరెవర్ని దింపుతారని అడిగింది. నేను ఆరుగురినీ దింపుతానన్నాను. ఆరుగురు కూర్చున్న పంక్తిలో నలుగురికి విస్తళ్ళు వేసి ఇద్దర్ని చూస్తూ కూర్చోమనడం నాకు తెలియదు. ఆరుగురినా అని హైమ రెండుసార్లు అడిగింది. తరవాత, సరే మీ ఇష్టం అంది. ఆ అడగడంలోనే నేను చేసిన పొరపాటు నాకు తెలిసి ఉండాల్సింది.

"అంటే హైమ గెలిస్తే బుడంకాయని పట్టుకుపోతుంది," అంటుంది మేనత్త. "కాబట్టి మనం గెలవాలి. గెలవాలంటే జట్టంతా దాని చుట్టూ కట్టాలి."

బుడంకాయ తలొంచుకుని కంచంలో మజ్జిగ చుక్కలు లెక్కపెట్టుకుంటున్నట్టుగా ఉంటుంది.

వాళ్ళు అయిదుగురూ మాట్లాడుకుంటారు. సంతలో సామాన్ల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. ముందు తోడికోడళ్ళు ఒకరి తరవాత ఒకరు వెళ్ళి అవతలివాళ్ళ బలం ఖర్చుపెట్టించి పడిపోతారు. తరవాత మేనత్త నిలబడి తన్నులు తింటుంది. ఆవిడ చాటున గంటయ్య గదిని తిరగేస్తాడు. తిరగబడిన గదిలో నెమ్మదైనవాళ్ళ వంతు ముందొస్తుంది, చురుకైనవాళ్ళది వెనకబడుతుంది. అది అయ్యాక గంటయ్య కూడా పడిపోతాడు. అప్పుడు బుడంకాయ ఒక్క దెబ్బైనా తగలకుండా లోపలికి వస్తుంది. అందరికంటే నెమ్మది కనుక దానిదే మొదటి వంతు.

"మీ అయిదుగురూ పడిపోవాలా?" అంటాను.

"పడిపోవటమే కదా నాయనా, పోవటం కాదుగా," అంటుంది మేనత్త. "పొద్దున్నకి లేచి కూర్చుంటాం. ఈ ఆటలో ఉన్న సుఖమే అది."

నేను నీళ్ళు తాగుతాను. రిపోర్టులు వచ్చిన ప్రతిసారీ డాక్టరు గదిలోకి ముందు సువర్చలే వెళ్ళేది. నేను సంచీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆవిడ లోపల వినాల్సిందంతా విని, మొహం సర్దుకుని, తలుపు తీసి, రండి అనేది. నేను ఎప్పుడూ దెబ్బ తగలకుండా లోపలికి వచ్చినవాణ్ణే.

*

హైమ మూడింటికి వస్తుంది. ఆవిడ సామర్లకోటలో ఆడపిల్లల కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతుంది. చెప్పులు విప్పి, బల్ల దగ్గరున్నవాళ్ళని తలూపి పలకరించి, తెచ్చిన స్టీలు క్యారేజీని ఫ్రిజ్ మీద పెడుతుంది. క్యారేజీ గిన్నెల్లో ఆవిడ జట్టు ఉంది. పై గిన్నెలోంచి నీళ్ళు గడగడలాడిన చప్పుడు వస్తోంది.

"అది ప్రిన్సిపాలు," అంటుంది. "నీళ్ళ జీవి. మా ప్రిన్సిపాలుగారు రిటైరయ్యాక దానికి ఆయన పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పిన మాట వింటున్నాడు."

కూర రుచి చూపిస్తాను. కొంచెం నోట్లో వేసుకుని, కళ్ళు మూసి, నములుతుంది. "అక్క వండితే ఆవ ముక్కుకెక్కి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మీది పాపం మర్యాదగా కూర్చుంది బావగారూ. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా."

అయినా గిన్నె అడుగుదాకా తినేస్తుంది. సాయంత్రానికని నేను ముందే కొంత తీసి పెట్టడం మంచిదయింది.

తరవాత, బస్సులో నడుం పట్టేసింది, కాసేపు వాలతాను అని సువర్చల గదిలోకి వెళ్తుంది. గుమ్మంలో ఆగి, వెనక్కి చూడకుండా అడుగుతుంది. "రాత్రిళ్ళు తలుపు ఇంకా బుడంకాయే వేస్తోందా?"

వేస్తోందంటాను. హైమ మంచం మీద అటు తిరిగి పడుకుంటుంది.

బుడంకాయకి నాలుగు విద్యలు. మొదటి మూడూ కొట్టేవే: రాయి విసరడం, తీగతో చుట్టడం, ఒళ్ళు పగిలేలా గుద్దుకోవడం. నాలుగోది సువర్చల నేర్పింది. చప్పుడు కాకుండా తలుపు వెయ్యడం. ఆవిడ బతికున్నప్పుడు రోజూ పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి ఒక్కో తలుపే వేసేది. రెక్క దగ్గరకొచ్చాక సందులో చూపుడువేలు పెట్టి, రెక్కని వేలికి ఆనించి, ఆఖర్న వేలు తీసుకునేది. చెక్కకి చెక్క తగిలిన చప్పుడు కూడా వచ్చేది కాదు. ఆవిడ పోయిన రోజు నుంచీ ఆ పని బుడంకాయ చేస్తోంది. రాత్రి నేను పడుకోగానే ఆటపెట్టెలోంచి దిగి వచ్చి, వేళ్ళు లేవు కాబట్టి సందులో తొడిమ పెట్టి, తలుపు వేసి వెళ్తుంది. నేను కళ్ళు మూసుకునే ఉంటాను. యుద్ధంలో ఆ విద్యవల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇప్పుడు కూడా బుడంకాయ కుర్చీలోంచి దిగి, హైమ పడుకున్న గది దాకా మెల్లగా నడిచి, తొడిమ అడ్డం పెట్టి తలుపు వేస్తుంది. చప్పుడు కాదు.

మేనత్త నన్ను వంటింట్లోకి పిలుస్తుంది.

"చూశావుగా. అవతల నీళ్ళవాడు ఉన్నాడు. దీని రాళ్ళు వాడికి గులకరాళ్ళు. వాడు పడాలంటే దీనికి పిడుగు వెయ్యడం నేర్పాలి. పిడుగుకి చోటు లేదు."

"మిగతా మూడింట్లో ఒకటి తీస్తే?"

"తీస్తే వాళ్ళ జట్టులో మిగతా అయిదుగురినీ దేనితో కొడుతుంది? నాలుగోది తియ్యాలి అబ్బాయీ. తియ్యకపోతే ఓడిపోతాం, హైమ పట్టుకుపోతుంది. తలుపూ పోతుంది, బుడంకాయా పోతుంది. తీస్తే బుడంకాయైనా మిగులుతుంది." ఆవిడ కొంచెం ఆగి, "నేను లెక్క చెప్పానంతే," అంటుంది.

*

వచ్చిన విద్యని మరిపించే ఆయన మా అపార్టుమెంటు లిఫ్టులో ఉంటాడు. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టుని ఆపితే అది కాస్త పక్కకి జరుగుతుంది, అక్కడ ఆయన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని కనిపిస్తాడు. చేతుల్లేని స్వెట్టరు, ఒళ్ళో పాత పేపరు. నేను బుడంకాయని చంకనెత్తుకుని లోపలికి వెళ్తాను. చెక్కిలి మీద దాని తొడిమ గుచ్చుకుంటోంది.

"ఏది తియ్యమంటారు?" అంటాడాయన.

చెబుతాను. ఆయన బుడంకాయని ఒళ్ళో పెట్టుకుని, చారల మీద వేలితో తడుముతాడు. "బాగా నేర్పారండి. లోతుగా ఉంది."

"బదులుగా నాలోంచి ఏదైనా తీసుకోవచ్చా?" అని అడుగుతాను. "ఇవాళే పనసపొట్టు కూర నేర్చుకున్నాను. అది తీసేస్తే పాతది ఒకటి వెనక్కి రావాలి."

"మీది తీస్తే మీలో చోటొస్తుంది గాని దీనిలో రాదు కదండి. వెనక్కి తెచ్చే ఆయన వేరు. ఆయన తునిలో ఉండేవాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో ఆయనకే గుర్తులేదట."

నొప్పి పుడుతుందా అని అడుగుతాను. పుట్టదంటాడు. పోయింది ఏమిటని తరవాత వెతుక్కోవడం కూడా ఉండదట. తన పనిలో ఉన్న దయ అదొక్కటేనని, మిగిలిందంతా వృత్తేనని చెబుతాడు.

బుడంకాయ నావైపు చూస్తుంది. "ఇది గెలవడానికాండి?"

"నువ్వు మా ఇంట్లో ఉండటానికి."

"అయితే తియ్యమనండి."

అది అలా అనకుండా ఉంటే బాగుండునని నాకు ఉంది. కాస్త మొండికేస్తే, ఏడిస్తే, దాన్ని ఎత్తుకుని వెనక్కి వచ్చేసేవాణ్ణి.

ఆయన తొడిమ మొదట్లో గోటితో గిల్లి, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు మెల్లగా లాగుతాడు. సన్నటి, పచ్చటి ఈనె ఒకటి తెగకుండా వస్తుంది. ఎక్కడా చప్పుడు లేదు. అది పూర్తిగా వచ్చేలోపలే లిఫ్టు కప్పులోని దీపం మిణుకుమంటుంది. ఖాళీ అయిన చోటులోకి పిడుగు దూరి కూర్చుంటుంది. ఖాళీలకోసం పిడుగులు ఎప్పుడూ కాచుకునే ఉంటాయట. ఈనెని ఆయన పేపరులో చుట్టబోతాడు. నాకిమ్మంటాను.

"తీసుకెళ్ళండి. మళ్ళీ అతకదు మాత్రం."

చొక్కా జేబులో పెట్టుకుంటాను. జేబు బరువెక్కదు.

మేం ఇంట్లోకి వచ్చేసరికి బాల్కనీలోంచి సముద్రపు గాలి వీస్తోంది. సువర్చల గది తలుపు గాలికి తెరుచుకుని ఊగుతోంది. బుడంకాయ దాని ముందు ఆగి, కుర్చీని చూసినట్టు, గోడని చూసినట్టు దాన్ని చూసి, ముందుకు వెళ్ళిపోతుంది. తలుపు ఢామ్మని పడుతుంది.

మేం కాపురం పెట్టాక ఈ ఇంట్లో తలుపు ఢామ్మనడం ఇదే మొదటిసారి. కారప్పొడి సీసా కదులుతుంది. లోపల హైమ లేచి కూర్చున్న అలికిడి వినిపిస్తుంది. బుడంకాయ బల్ల కింద చేరి తన కొత్త విద్యని తొడిమ చివర వెలిగించి చూసుకుంటోంది.

*

దీపాలు పెట్టే వేళకి ఆట మొదలవుతుంది. బల్ల గోడవారకి జరుపుతాం. సముద్రం నాలుగో అంతస్తు దాకా లేచి, బాల్కనీ కటకటాల దగ్గర ఆగి, లోపలికి రాకుండా చూస్తోంది. పక్కింటివాళ్ళ తువ్వాలు ఒకటి దాని మీద తేలుతోంది.

హైమ క్యారేజీ విప్పుతుంది. ప్రిన్సిపాలు గిన్నెలోంచి పైకి వచ్చి, హాలులో సగం నింపుతాడు. ఒళ్ళంతా నీళ్ళు, మెడ దగ్గర మాత్రం టై లాంటి చార. ఆడతారా, ఆలోచిస్తారా అని హైమ నన్ను అడుగుతుంది. ఆడతానంటాను.

పెద్ద తోడికోడలు వెళ్తుంది. ప్రిన్సిపాలుతో ముక్కుతో పొడుస్తూ పెనుగులాడి, పడిపోతుంది. పడేముందు రెక్కలు సర్దుకుని, "వస్తానండి," అంటుంది. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడ నేను చెప్పకముందే లేచి వెళ్తుంది. నేను ముగ్గురినీ దివాను మీద వరసగా పడుకోబెట్టి దుప్పటి కప్పుతాను. పొద్దున్నకి లేస్తారు. ఆ సంగతి తెలిసి కూడా దుప్పటి అంచు రెండుసార్లు సర్దుతాను.

మేనత్త నిలబడుతుంది. నీళ్ళ దెబ్బలకి ఆవిడ ఒంటి రాయి పెళ్ళలుగా రాలుతోంది. ఒక్కొక్క పెళ్ళ రాలినప్పుడూ ఆవిడ నావైపు చూసి, ఏం ఫరవాలేదన్నట్టు కన్ను మూసి తెరుస్తుంది. ఆ చూపు నాకు తెలుసు. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చిన చూపు అది. ఆపేద్దామని నోరు తెరుస్తాను. ఆపితే వీళ్ళు పడింది వృథా అవుతుంది. ఆపకపోతే ఇంకొకరు పడతారు.

ఆవిడ చాటునుంచి గంటయ్య మోగుతాడు.

గది తిరగబడుతుంది. పంకా ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. హైమ కప్పులోని టీ కెటిల్లోకి పోయి చల్లారుతుంది. గోడగడియారం పెద్దముల్లు చిన్నముల్లుకి దారి ఇస్తుంది. మేనత్త ఇప్పుడిక కూలబడుతుంది, గంటయ్య ఆవిడ పక్కనే ఒరుగుతాడు. బుడంకాయ పొట్టికాళ్ళతో నడుచుకుంటూ హాలు మధ్యలోకి వస్తుంది. దాని ఒంటి మీద గీత కూడా లేదు.

"అబ్బో," అంటుంది హైమ, మెచ్చుకోలుగానే. "మొత్తం ఇంటిని దీనికోసం కట్టారన్నమాట."

"పిడుగు," అంటాను నేను.

బుడంకాయ కదలదు.

మళ్ళీ చెబుతాను. అది తల తిప్పి నాకేసి చూస్తుంది. "నా వంతు కాదండి ఇది."

"గది తిరగబడింది కదా. అందరికంటే నెమ్మది నువ్వే కదా."

"నాకంటే నెమ్మదైనవాళ్ళు ఈ గదిలో ఉన్నారండి. ముందు వాళ్ళ వంతు."

ప్రిన్సిపాలు కూడా ఎత్తిన చెయ్యి దించుకుని, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి నిలబడతాడు. హైమా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఈ ఇంట్లో నవంబరు నుంచీ కదలనివాళ్ళు ఒక్కరే. ఆవిడకంటే నెమ్మదైనవాళ్ళు ఎవరుంటారు.

ఆవిడ వంతు అయ్యేదాకా ఎవరి వంతూ రాదు. మేం ఎదురుచూస్తాం. హైమ కింద కూర్చుని గోడకి ఆనుకుంటుంది. నేనూ కూర్చుంటాను. బుడంకాయ మా ఇద్దరి మధ్యా చతికిలబడుతుంది. పంకా వెనక్కి తిరుగుతోంది.

కొంతసేపటికి హైమ అంటుంది. "మధ్యాహ్నం తలుపు ఢామ్మంది."

"గాలికి."

"గాలైతే బుడంకాయ అడ్డం పెడుతుంది కదా."

నేను జేబులోంచి ఈనె తీసి ఆవిడ చేతిలో పెడతాను. అదేమిటో చెబుతాను. ఎందుకు తీయించానో కూడా చెబుతాను. హైమ ఈనెని దీపానికెదురుగా పట్టుకుని చూస్తుంది. చాలాసేపు చూస్తుంది.

"మా నాన్నది రేవులో రాత్రి డ్యూటీ," అంటుంది. "పగలంతా పడుకునేవాడు. చిన్న చప్పుడైతే లేచేవాడు, లేస్తే మళ్ళీ నిద్ర పట్టేది కాదు, రాత్రి పని దగ్గర తూలేవాడు. అందుకని తలుపు సందులో వేలు పెట్టి వెయ్యటం నేనే కనిపెట్టాను, నాకు ఏడేళ్ళప్పుడు. అక్కకి నేర్పింది నేను. మొదట్లో రెండుసార్లు వేలు నలగ్గొట్టుకుంది. ఏడవలేదు, నాన్న లేస్తాడని."

నాకు ఈ సంగతి తెలియదు. సువర్చల చెప్పలేదనుకుంటాను. చెప్పి ఉంటే, దాన్ని తోసుకుని ఏ కూరో నాలోకి వచ్చి ఉంటుంది.

"నాకు బుడంకాయ ఎందుకు బావగారూ? నా జట్టులో దానికి చోటు కూడా లేదు. ఒక్క ఏడాది, రాత్రి నేను పడుకున్నాక ఎవరో వచ్చి ఆ తలుపు వేస్తే చాలనుకున్నాను. చప్పుడు కాకపోవడం వినాలని."

"తప్పయిపోయింది హైమా."

"డిగ్రీ చదివారు. ఒక్క మాట అడగొచ్చు కదా, దీనితో నీకేం పనీ అని."

"నువ్వైనా చెప్పాల్సింది."

"చెబితే ఇచ్చేసేవారు మీరు." ఆవిడ ఈనెని చూపుడువేలికి చుట్టుకుంటుంది. "అక్కది ఏదీ నేను అడిగి తీసుకోలేదు. గెలిచి తీసుకునేదాన్ని, లేదా కొట్టేసేదాన్ని."

నా దగ్గర అట్టేపెట్టుకుందామనుకున్నదాన్ని నా చేత్తోనే తీయించాను. అందులో సగం హైమదని తెలియకుండా తీయించాను. బుడంకాయ మా మాటలు వింటోంది. మేం దేని గురించి మాట్లాడుకుంటున్నామో దానికి తెలియదు. మర్యాదకి తలూపుతోంది. ఆ తలూపడం చూడలేక నేను లేచి వంటింట్లోకి వెళ్తాను.

దాచిన కూర, మిగిలిన అన్నం, మజ్జిగ తీసుకొస్తాను. హైమా నేనూ తింటాం. ప్రిన్సిపాలుకి కూడా ఒక ముద్ద పెడుతుంది హైమ. ఆయన టై తడవకుండా వంగి తింటాడు. బుడంకాయ తొడిమకి అంటిన మెతుకుని తీసి పారేస్తాను. తిరగబడిన గదిలో కూర మధ్యాహ్నం కంటే ఘాటుగా ఉంది. ఆవ ముక్కుకెక్కి ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు వస్తాయి. ఇలాంటప్పుడు ఆవ ఉండటం మంచిది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, హైమ గోడకి ఆనుకుని, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నట్టు మామూలు గొంతుతో అంటుంది.

"అక్కా, నీ వంతే. తొందరేం లేదు."

సముద్రం కటకటాల అవతల నిశ్శబ్దమవుతుంది.

ముందుగా మా హాలు కప్పు కనిపించకుండా పోతుంది. దాని చోట గడ్డి మైదానం ఉంది, తలకిందులుగా, మా మీదికి వేలాడుతూ. గాలికి గడ్డి ఊగుతోంది. అప్పుడు చూస్తాను, మైదానానికీ మా నేలకీ బాల్కనీ పక్కన ఒకే మడతబందు ఉంది. మేం కూర్చున్నది ఆటపెట్టె కింది సగంలో. పై సగం తలుపులా మెల్లగా వాలుతోంది.

దాన్ని వాలుస్తున్నది ఒక చెయ్యి. మా అపార్టుమెంటంత చెయ్యి. మోచేతి మడతలో దూది లేదు, అంటించిన పట్టీ లేదు, సూది గుచ్చిన మచ్చ ఒక్కటీ లేదు.

"సూది లేని చెయ్యి," అంటాను.

"ఊఁ," అంటుంది హైమ. ఆవిడ చూపుడువేలికి చుట్టిన ఈనె పచ్చగా మెరుస్తోంది. దివాను మీద దుప్పటి కింద తోడికోడళ్ళు నిద్రలో రెక్కలు సర్దుకుంటారు. బుడంకాయ పైకి చూస్తోంది. ఏదో గుర్తొచ్చినట్టు కాదు, కొత్తగా ఒకటి చూసి నేర్చుకుంటున్నట్టు, తొడిమ కొంచెం పైకెత్తి.

"మరి నా వంతండి?" అని అడుగుతుంది.

"రేపు," అంటుంది హైమ. "ఇవాళ్టికి అక్కది అయిపోతోంది."

గడ్డి చివర్లు మా జుట్టుకి తగిలేదాకా వస్తాయి. పంకా వంగి చోటిస్తుంది. రెండు సగాలూ కలిసేచోట, సముద్రం ఉన్న పక్క, సందులో ఒక చూపుడువేలు అడ్డంగా ఉంది. దాని గోటి పక్కన, చిన్నప్పుడెప్పుడో నలిగిన నొక్కు. ఆవ వాసన. కప్పు ఆ వేలికి ఆని ఆగుతుంది. వేలు మెల్లగా, మెల్లగా వెనక్కి జరుగుతుంది, ఆఖరి వెలుగుగీతని తనతోపాటు తీసుకుని. సువర్చల మమ్మల్ని ఈ రాత్రికి మూసేస్తుంది. హైమ ఊపిరి బిగబట్టి వింటోంది. నేనూ వింటున్నాను. చప్పుడు కాదు.